వాన పడకుండా డజను గుడ్లు

"కాస్త వెనక్కి వెళ్తారా?"

ఎలోయ్ కసిల్దాతో అన్న మొదటి మాట అదే. అందులో ప్రేమ లేదు సరికదా, మర్యాద కూడా అంతంత మాత్రమే.

టొలేడోలో ఆ సందు ఎంత ఇరుకంటే, చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. పైనుంచి ఎలోయ్ తన గ్రూప్‌తో దిగుతున్నాడు. కిందనుంచి కసిల్దా తన గ్రూప్‌తో ఎక్కుతోంది. సరిగ్గా నడిమధ్యలో ఎదురుపడ్డారు. అతని చేతిలో పచ్చ గొడుగు, ఆమె చేతిలో పసుపు గొడుగు. ఇద్దరి వెనకా యాత్రికులు ఏం జరుగుతుందా అని మెడలు సాచి చూస్తున్నారు.

"ఎక్కేవాళ్ళకి దిగేవాళ్ళు దారివ్వాలి. ఇక్కడ గైడ్ల పద్ధతి అది," అంది కసిల్దా.

"ఎక్కడ రాసుంది?"

"ఎక్కడా రాసుండదు. ఇక్కడ పుట్టినవాళ్ళకి తెలుస్తుంది. మీది ఏ ఊరు?"

"తొమెయోసో."

"అదీ సంగతి. బల్లపరుపు నేల, ద్రాక్ష తోటలు. మీకు ఎక్కడమూ తెలీదు, దిగడమూ తెలీదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఎలోయ్ చెవులు ఎర్రబడ్డాయి. కానీ వాదించలేదు. తన వాళ్ళందర్నీ వెనక్కి తిప్పి, సందు పైదాకా నడిపించి, గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కసిల్దా ముందుగా దాటుతుంటే పచ్చ గొడుగు గుండెలకి ఆనించుకుని రాణిగారికి వంగినట్టు వంగాడు. ఆ వంగడంలో వెటకారం ఎంతో నిజం ఎంతో ఆమెకి అంతుపట్టలేదు. ఆ రోజంతా దాని గురించే ఆలోచించింది.

అది కిందటి అక్టోబరు మాట.

తర్వాత ఒక వింత మొదలైంది. కింద మలుపులో ఆమె గొంతు వినపడగానే ఎలోయ్ తనంతట తనే గ్రూప్‌ని వెనక్కి నడిపించేవాడు. ఒకరోజు ఆమె ఆలస్యంగా వచ్చింది.

"ఇవాళ మీరు ఆలస్యం. మా వాళ్ళు కంగారుపడ్డారు," అన్నాడు.

"మీ వాళ్ళంతానా?"

"అంతా కాదు. ఒకడు."

క్రిస్మస్ నాటికి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. చలికాలమంతా మధ్యాహ్నం టూర్లు అయ్యాక ఒకే బార్‌లో, ఒకే బల్ల దగ్గర, కార్కమూసాస్ కూరలో రొట్టె ముంచుకు తిన్నారు. ఆమె రొట్టె ముక్క అతను ఎత్తుకుపోయేవాడు. ఆమె తిట్టేది. మర్నాడు ఆమె ముందే ఒక ముక్క ఎక్కువ అడిగి పెట్టుకునేది. చూసేవాళ్ళందరికీ సంగతి అర్థమైంది. చెప్పుకోవలసిన ఇద్దరే చెప్పుకోలేదు.

కసిల్దాది భయస్తురాలి మనసు. ప్రతి మలుపులోనూ తలలు లెక్కపెట్టుకుంటుంది. కిందటి నవంబరులో వాన పడుతుండగా ఆమె గ్రూప్‌లో ఒక పెద్దాయన తడిసిన రాళ్ళ మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. అంబులెన్స్‌లోంచి కూడా ఆయన, "నీ తప్పు కాదమ్మా," అని చెయ్యి ఊపాడు. ఆమె మాత్రం ఆ రోజునించీ మబ్బు కనపడితే చాలు, అరచేతులకి చెమట పట్టి గొడుగు పిడి జారిపోయేది.

అంతకంటే పెద్ద భయం ఇంకొకటుంది. అది ఎవరికీ చెప్పలేదు.

ఆమెకి ఎనిమిదేళ్ళప్పుడు తల్లి జూరిక్‌లో హోటల్ పనికి బయల్దేరింది. బస్టాండులో తల్లి కోటు పట్టుకుని కసిల్దా "వెళ్ళొద్దు" అంది. తల్లి ఏడ్చింది, ముద్దు పెట్టింది, బస్సెక్కింది. ఆ తర్వాత వేసవుల్లో వచ్చేది, బొమ్మలు తెచ్చేది, మళ్ళీ వెళ్ళిపోయేది. కసిల్దా మాత్రం 'వెళ్ళొద్దు' అనే మాట మళ్ళీ ఎవరితోనూ అనలేదు. అన్నా వెళ్ళేవాళ్ళు వెళ్తారు, పైగా మాట కూడా పోతుంది అని ఆమెకి గట్టిగా నాటుకుపోయింది.

అందుకే ఏప్రిల్ ఆఖర్లో ఎలోయ్ కూర పళ్ళెం పక్కకి జరిపి, "కాదిజ్‌లో ఉద్యోగం వచ్చింది. ఓడల్లో వచ్చేవాళ్ళకి ఊరు చూపించాలి. పర్మనెంట్," అన్నప్పుడు ఆమె రొట్టె వంక చూసింది.

"ఏమంటావు?" అన్నాడు.

"మంచిదే కదా."

అతను పళ్ళెం మళ్ళీ ముందుకి లాక్కున్నాడు. "మంచిదే," అన్నాడు. ఆ రోజు ఆమె రొట్టె ముక్క పళ్ళెంలోనే మిగిలిపోయింది.

మే రెండో ఆదివారం అతని ప్రయాణం. బస్సు ఎప్పుడో కనుక్కుని, సరిగ్గా ఆ వేళకే కసిల్దా ఒక టూర్ ఒప్పుకుంది. బస్టాండుకి వెళ్ళలేకపోవడానికి ఒక కారణం ఉండాలి కదా.

ఇక గుడ్ల సంగతి.

ఆ ఆదివారానికి ముందు శనివారం ఆమెకి ఒక పెద్ద గ్రూప్ ఉంది. అస్తూరియాస్ నుంచి వృద్ధాశ్రమం వాళ్ళు, సగం మందికి చేతికర్రలు. గురువారం పొద్దున రేడియోలో శనివారం ఉరుములతో వాన అన్నారు. కసిల్దాకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. అంగడికి వెళ్ళి డజను గుడ్లు కొనుక్కుని, తిన్నగా క్లారా మఠానికి నడిచింది.

పెళ్ళినాడు వాన పడకూడదనుకున్నవాళ్ళు క్లారా మఠకన్యలకి గుడ్లు ఇవ్వడం ఆ ఊళ్ళో అందరూ చేసేదే. వాళ్ళు ప్రార్థన చేస్తారు, గుడ్లు మార్జిపాన్ అనే బాదం మిఠాయిల్లోకి వెళ్తాయి. కానీ టూర్ కోసం గుడ్లు ఇచ్చినవాళ్ళు కసిల్దాకి ముందు ఎవరూ ఉండరు. దేవుడికి పెళ్ళయితేనేం, చేతికర్రలయితేనేం అనుకుంది.

ఆ మఠంలోవాళ్ళు బయటి మనుషులకి కనపడరు. గోడలో ఒక గుండ్రటి చెక్క గూడు ఉంటుంది. ఇటునుంచి ఏదైనా పెట్టి తిప్పితే అటు వెళ్తుంది. అవతల ఒక గొంతు మాత్రం ఉంటుంది. కసిల్దా గంట కొట్టింది.

"పరిశుద్ధ మరియమ్మకి వందనం," అంది.

"పాపం అంటని తల్లికి వందనం. ఏం కావాలి బిడ్డా?" అంది మదర్ బెనీతా గొంతు.

"గుడ్లు తెచ్చాను మదర్. శనివారం వాన పడకూడదు."

గూడు తిరిగింది. గుడ్లు వెళ్ళిపోయాయి.

"మా తల్లే. గొంతులోనే కంగారు తెలుస్తోంది. అందరికీ ఉంటుందిలే. నీ పేరేమిటి?"

"కసిల్దా."

"అబ్బాయి పేరు?"

కసిల్దా గూటి అంచు పట్టుకుంది. పెళ్ళి కాదు, టూర్ అని చెప్పాలి. చెబితే నవ్వుతారేమో. ప్రార్థన చెయ్యం పొమ్మంటారేమో. గుడ్లా, అవతల ఉన్నాయి.

"ఇద్దరి పేర్లూ కలిపి చదవాలి తల్లీ. సిగ్గుపడకు."

"ఎలోయ్," అంది.

అని, తన నోరే తనది కానట్టు చేత్తో మూసుకుంది.

బయటికొచ్చి తనకి తనే నచ్చజెప్పుకుంది. ఎలోయ్ తన గ్రూప్‌ని మఠానికి తీసుకెళ్ళేది సోమవారాలు మాత్రమే. వచ్చే సోమవారానికి అతను కాదిజ్‌లో సముద్రం చూస్తూ ఉంటాడు. ఎవరికీ తెలీదు. ఏమీ కాదు.

శుక్రవారం పొద్దున సొకొదొవేర్ చౌకులో గైడ్లందరూ గొడుగులు పట్టుకుని చేరారు. ఎలోయ్ గ్రూప్ ముందు బయల్దేరాలి, ఆ వెనక కసిల్దాది.

"ఇవాళ నా ఆఖరి టూర్," అన్నాడు ఎలోయ్.

"తెలుసు."

"అంతేనా?"

"ఇంకేమనాలి? గొడుగు ఆఫీసులో అప్పజెప్పు. మర్చిపోతావు."

ఎలోయ్ నవ్వబోయి మానేశాడు. "సరే. మసీదు చూపించి, అట్నించటే మఠం దగ్గరికి పోతాను. మదర్ బెనీతాకి చెప్పి వెళ్ళాలి. విరిగిన మార్జిపాన్ ముక్కలన్నీ ఇన్నాళ్ళూ నాకోసమే దాచిపెట్టింది పాపం."

కసిల్దా చప్పున అతని వైపు తిరిగింది. "ఇవాళ సోమవారం కాదుగా."

"సోమవారం నేనుండనుగా," అని అతను పచ్చ గొడుగు ఎత్తి, తన వాళ్ళని పిలుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆమె తన గ్రూప్ వైపు తిరిగింది. ముందు వరసలో బిల్బావో నుంచి వచ్చిన డోన్యా ఉర్సులా అనే పెద్దావిడ, నడుముకి సంచీ కట్టుకుని సిద్ధంగా ఉంది.

"అందరికీ స్వాగతం. ముందు మఠానికి వెళ్తున్నాం," అంది కసిల్దా.

"ముందు యూదుల సినగోగ్ అన్నారుగా అమ్మాయ్. మఠం ఆఖర్నని చెప్పారు," అంది ఉర్సులా.

"ఇవాళ మార్చాం. ఎండెక్కితే మార్జిపాన్ మెత్తబడుతుంది."

"ఎండెక్కడుంది? ఆకాశం చూడు."

కసిల్దా చూడలేదు. చూస్తే అరచేతులు మాట వినవు. పసుపు గొడుగు ఎత్తి నడక మొదలుపెట్టింది. రోజూ ఆగి పది మాటలు చెప్పే ప్రతి చోటా మూడు మాటలు చెప్పింది. "ఆ గంట గోపురం ఇటుకలు ముస్లిం మేస్త్రీలు పేర్చినవి, గంట క్రైస్తవులది, పక్క వీధి యూదులది, అందరూ ఇరుగుపొరుగున ఉన్నారు, కొట్టుకున్నారు, పెళ్ళి విందులకి పిలుచుకున్నారు, పదండి."

"కాస్త నెమ్మదమ్మా. వాళ్ళు కొన్ని వందల ఏళ్ళు ఉన్నారు. నువ్వు ఒక్క ఊపిరిలో పంపించేస్తున్నావు," అంది ఉర్సులా ఆయాసపడుతూ.

అదే ఇరుకు సందు. సగం దూరంలో మఠం వైపు తిరిగే మలుపు ఉంది. కసిల్దా పైనుంచి దిగుతోంది. మలుపు కనపడింది. కనపడీ కనపడగానే కిందనుంచి పచ్చ గొడుగు కూడా కనపడింది.

ఎలోయ్ ఎక్కుతున్నాడు. దారి అతనిది.

"మీరు దిగుతున్నారు మేడమ్," అన్నాడు. కళ్ళలో కొంటెతనం ఉంది గానీ గొంతులో లేదు. "ఎక్కేవాళ్ళకి దారివ్వాలట. ఈ ఊరి పద్ధతి."

"ఎలోయ్, ఇవాళ మఠానికి వెళ్ళకు."

"ఎందుకు?"

"మార్జిపాన్ బాగాలేదు."

"మదర్ బెనీతా చేసింది బాగాలేకపోవడమా? ఒంట్లో బాగుందా నీకు?"

"మదర్‌కి గొంతు నొప్పి. మాట్లాడలేదు."

"అయితే నేనే మాట్లాడతాను. ఆవిడ వింటుంది."

"నీ వాళ్ళకి ఆలస్యం అవుతుంది."

"కసీ," అన్నాడతను మెల్లగా, "నేను ఆవిడకి చెప్పి వెళ్ళాలి. అందరూ నీలాగా చెప్పకుండా ఉండలేరు."

కసిల్దా గోడవైపు జరిగింది. తన వాళ్ళని రెండడుగులు వెనక్కి జరిపింది. అతని గ్రూప్ ఒకరి వెనక ఒకరు మలుపు తిరిగి మఠం గుమ్మంలోకి వెళ్తుంటే, గోడకి ఆనుకుని చూస్తూ నిలబడింది. గాలి చల్లబడింది. ఒక చినుకు ఆమె ముక్కు మీద పడింది. తలలు లెక్కపెట్టుకుంది. ఒకటి తక్కువ.

డోన్యా ఉర్సులా పచ్చ గొడుగు వరసలో కలిసి ఎప్పుడో లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి చేతిలో మార్జిపాన్ పొట్లంతో, మెరిసే కళ్ళతో బయటికొచ్చింది.

"గైడమ్మా, ఒక విచిత్రం. ఆ పచ్చ గొడుగు అబ్బాయి సెలవు చెబుదామని గంట కొట్టాడు. లోపలినుంచి ఆ మదర్, 'నీకు నూరేళ్ళు బిడ్డా, రేపటికి భయం లేదు, గుడ్లు అందాయి, అందరం ప్రార్థన చేస్తున్నాం' అంది. ఏ గుడ్లు అన్నాడితను. 'నీ పెళ్ళి గుడ్లు, పిల్ల తెచ్చిచ్చింది' అంది. పాపం, తన పెళ్ళని తనకే తెలీదట."

కసిల్దా మఠం గుమ్మం వైపు చూసింది.

"పిల్ల పేరు కూడా చెప్పింది. అదీ నీ పేరే," అని, ఉర్సులా ఆమె ముఖంలోకి చూసి, మార్జిపాన్ నమలడం ఆపేసింది. "ఓహో. నువ్వేనా?"

కసిల్దాకి పరిగెత్తిపోవాలనిపించింది. కానీ ఇంతమందిని సందులో వదిలి గైడ్ ఎక్కడికి పరిగెత్తుతుంది? గొడుగు ముడిచి లోపలికి నడిచింది.

మఠం చావడి చీకటిగా, బాదం వాసనతో ఉంది. ఎలోయ్ గ్రూప్ గోడల వెంబడి నిలబడి మిఠాయి తింటూ, అతన్నే చూస్తున్నారు. అతను గూటి పక్కన నిలబడి ఉన్నాడు.

"రేపు నా పెళ్ళట," అన్నాడు.

"రేపు నా టూర్," అంది కసిల్దా. ఆ తర్వాత ఆగలేదు. "అస్తూరియాస్ నుంచి ముసలివాళ్ళొస్తున్నారు, కర్రలతో. వానంటున్నారు రేడియోలో. నవంబరులో ఆయన పడ్డాడు కదా, నీకు తెలుసు కదా. గుడ్లిస్తే పడదేమోనని ఇచ్చాను. టూర్ కోసమంటే నవ్వుతారని చెప్పలేదు. అబ్బాయి పేరడిగింది. నోటికొచ్చింది చెప్పాను. అంతే. నువ్వు ఏమీ అనుకోకు. నీ ప్రయాణం నువ్వు చూసుకో."

గూటి వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు. "అయితే పెళ్ళి లేదా?" అంది మదర్ బెనీతా.

"లేదు మదర్, క్షమించండి," అంది కసిల్దా.

"గుడ్లు మాత్రం తిరిగివ్వలేం తల్లీ. మిఠాయిలో పడిపోయాయి. ఇక్కడ వీళ్ళు తింటున్నది అదే."

అందరూ ఒక్కసారి చేతుల్లో మార్జిపాన్ వంక చూసుకున్నారు. ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. ఎలోయ్ మాత్రం నవ్వలేదు.

"నోటికి ఇంకేదైనా పేరు రావచ్చుగా," అన్నాడు. "మన ఆఫీసులో బోలెడుమంది ఉన్నారు. నాదే ఎందుకొచ్చింది?"

"తెలీదు."

"తెలుసు నీకు."

"తెలిస్తే ఏం? ఎల్లుండి వెళ్తున్నావు."

"నువ్వే మంచిది అన్నావు. నాలుగు రోజులు చూశాను, ఇంకో మాట అంటావేమోనని. కూర తిన్నావు, వాన గురించి మాట్లాడావు. చివరికి కాదిజ్ వాళ్ళకి సరేనన్నాను. తర్వాత, ఆదివారం నా బస్సు వేళకే నువ్వు టూర్ ఒప్పుకున్నావని ఆఫీసులో చెప్పారు." అతను గొడుగు కొన నేలకి ఆనించాడు. "నేను ఉన్నా పోయినా నీకు ఒకటేననుకున్నాను కసీ."

బయట చినుకులు పెద్దవయ్యాయి. ఆమె గ్రూప్‌వాళ్ళంతా వాన తప్పించుకోవడానికి చావడిలోకి తోసుకొచ్చారు. ఇప్పుడు రెండు గ్రూపులూ కలిసి ఊపిరి బిగబట్టుకుని ఉన్నాయి. కసిల్దాకి అరచేతులు తడిసిపోయాయి. తల్లి కోటు ఊలు గుర్తొచ్చింది, ఆ బస్సు తలుపు మూసుకున్న చప్పుడు గుర్తొచ్చింది. మళ్ళీ అంటే మళ్ళీ అదే జరుగుతుంది. ఈసారి ఇంతమంది ముందు.

"అమ్మాయ్," అంది ఉర్సులా చిన్నగా, "చెప్పెయ్. మేము వేరేవైపు చూస్తాం."

ఎవరూ వేరేవైపు చూడలేదు.

"నాకు ఒకటేం కాదు," అంది కసిల్దా. పసుపు గొడుగు గుండెలకి ఆనించుకుంది. "నువ్వు ఆ సందులో లేని రోజు నాకు దారి తప్పినట్టుంటుంది. పుట్టినప్పటినుంచీ తిరిగే సందులో." నేల వంక చూసింది, గూటి వంక చూసింది, చివరికి అతని వంక చూసింది. "ఎలోయ్, వెళ్ళొద్దు."

అని, దెబ్బ పడబోయేవాళ్ళలా కళ్ళు మూసుకుంది.

కళ్ళు తెరిచేసరికి అతను జేబులోంచి ఫోన్ తీసి, పైకెత్తి, ఇటూ అటూ తిప్పుతున్నాడు.

"ఏం చేస్తున్నావు?"

"ఇక్కడ సిగ్నల్ లేదు. గోడలు మందం."

"ఎవరికి?"

"కాదిజ్‌కి. సందు మూల దాకా వెళ్తే దొరుకుతుంది. మాట్లాడి వస్తాను."

"మూల దాకానా?"

అడిగాక ఆమెకే సిగ్గేసింది. అతను దగ్గరికొచ్చాడు. పచ్చ గొడుగు ఆమె చేతిలో పెట్టాడు.

"మూల దాకానే," అన్నాడు.

వానలో అతను చొక్కా కాలర్ ఎత్తుకుని వెళ్తుంటే కసిల్దా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఒక చేతిలో పసుపు గొడుగు, ఒక చేతిలో పచ్చ గొడుగు. రెండూ తెరవాలని కూడా తోచలేదు. తడిసిన రాళ్ళ మీద అతని అడుగులు జారతాయేమోనని చూసింది. జారలేదు. మూల తిరిగాడు. కనపడలేదు.

"నేను మీ ముసలివాళ్ళ కోసం కూడా ప్రార్థన చేస్తున్నాను," అంది గూటి వెనకనుంచి మదర్ బెనీతా, "కానీ ప్రస్తుతం వాన పడుతున్నట్టుందే."

"పడుతోంది మదర్," అంది ఉర్సులా, "మీరు ప్రార్థన ఆపకండి. ఇంకా పని అవలేదు."

మూల అవతలినుంచి అతని గొంతు వినపడుతోంది. మాటలు తెలియడం లేదు. మధ్యలో ఆగుతోంది, మళ్ళీ మొదలవుతోంది. ఒకచోట బాగా తగ్గిపోయింది. ఆ తర్వాత అసలు లేదు. వాన చప్పుడే ఉంది. కసిల్దా ఎవరి తలలూ లెక్కపెట్టలేదు. ఆ మూల గోడనే చూస్తూ ఉంది. ఆ గోడ ఆమె పుట్టకముందునుంచీ ఉంది, కానీ అంత సేపు దాన్ని ఎన్నడూ చూడలేదు.

మూల మీద ముందు ఒక తడిసిన బూటు కనపడింది. తర్వాత మనిషి. జుట్టంతా నుదుటికి అంటుకుపోయి, వానలో నెమ్మదిగా, ఎక్కడికీ తొందర లేనట్టు నడిచొచ్చాడు. గుమ్మం ముందు ఆగాడు.

"ఏమన్నారు?" అంది కసిల్దా. రెండు గొడుగులూ ఇంకా ఆమె చేతుల్లోనే ఉన్నాయి.

"తిట్టారు," అన్నాడు ఎలోయ్, ముఖం తుడుచుకుంటూ. "రానన్నందుకు చాలా సేపు తిట్టారు."